శుక్రుడే ఎందుకు అత్యంత వేడి గ్రహం?

సూర్యుడికి అతి దగ్గరగా ఉన్న బుధుడే అత్యంత వేడి గ్రహం అనిపించడం సహజం. కానీ సరైన జవాబు శుక్రుడు. బుధుడిపై పగలు సుమారు 430 డిగ్రీల సెల్సియస్ ఉన్నా, వేడిని పట్టి ఉంచే వాతావరణం లేక రాత్రి మైనస్ 180కి పడిపోతుంది. శుక్రుడి ఉపరితలంపై రాత్రీ పగలూ దాదాపు 465 డిగ్రీలే. అక్కడి వాతావరణంలో 96 శాతం వేడిని పట్టి ఉంచే కార్బన్ డయాక్సైడ్. పీడనం భూమి కంటే సుమారు 90 రెట్లు.

ఆ వాయువే కారణమైతే, అది 95 శాతం ఉన్న అంగారకుడు చల్లగా ఎందుకున్నాడని అడగవచ్చు. దూరం ఒక కారణమే. కానీ అక్కడి పీడనం భూమి పీడనంలో 1 శాతం కూడా లేదు. పలుచని దుప్పటి చలినాపదు. కాబట్టి గ్రహాలను పోల్చేటప్పుడు దూరంతోపాటు వాతావరణం మందాన్నీ తప్పక చూడాలి.