టెన్నిస్‌లో ఆడపిల్లల వాటా

ఈసారి ఆటల పాఠంలో టెన్నిస్ గురించి రాస్తున్నాను.

మనం ఆడే టెన్నికాయిట్ లాగానే దీనికీ మధ్యలో వల ఉంటుంది. రింగు బదులు బంతి, చేతిలో రాకెట్. పాయింట్లు 15, 30, 40 అని లెక్కపెడతారు. నాలుగు పెద్ద పోటీల్లో సింగిల్స్ ఆడే ఆడవాళ్ళు 3 సెట్లలో 2 గెలవాలి, మగవాళ్ళు 5 లో 3 గెలవాలి. ఈ 3, 5 గుర్తు పెట్టుకోండి. తర్వాత లెక్క ఉంది.

అమెరికాలో బిల్లీ జీన్ కింగ్ అని ఒకామె. వాళ్ళ నాన్న ఫైరింజన్ ఉద్యోగి. చిన్నప్పుడు ఇరుగుపొరుగు ఇళ్ళల్లో పనులు చేసి 8 డాలర్లు కూడబెట్టి మొదటి రాకెట్ కొనుక్కుంది. 1961లో వింబుల్డన్ డబుల్స్ గెలిచి, ఆ ఏడే లాస్ ఏంజెల్స్‌లో కాలేజీలో చేరింది. అంత గెలిచినా ఆటకు స్కాలర్‌షిప్ లేదు! పనులు చేసుకుంటూ చదివింది. ఆ రోజుల్లోనే అదే ఊళ్ళో ఇంకో కాలేజీలో ఆర్థర్ ఆష్‌కు స్కాలర్‌షిప్ ఉంది. స్కాలర్‌షిప్ విలువ మనకి చెప్పాలా? ఈ హాస్టల్ లేకపోతే నేను ఐదో తరగతి తర్వాత మేకల వెంట పోయేదాన్ని.

1972లో అక్కడ టైటిల్ నైన్ అనే చట్టం వచ్చింది. ప్రభుత్వ డబ్బు తీసుకునే బడుల్లో, కాలేజీల్లో ఆడ మగ తేడా చూపకూడదని. అయినా ఆడపిల్లల కాలేజీ ఆటలు చూసే సంఘమే, స్కాలర్‌షిప్ తీసుకున్న అమ్మాయి మా పోటీలకు రాకూడదు అన్నది. డబ్బు వస్తే ఆట చెడిపోతుందని వాళ్ళ భయమంట. ఫ్లోరిడాలో టెన్నిస్ ఆడే అమ్మాయిలు, పీచీ కెల్మేయర్ అనే మేడంతో కలిసి 1973 జనవరిలో కేసు వేశారు. ఆ ఏడే రూలు తీసేశారు. పిల్లలు కోర్టుకు పోయారంటే నాకు భలే అనిపించింది.

ఆ ఫ్లోరిడా పిల్లే డానియెల్ కాలిన్స్. 2014లో, 2016లో కాలేజీ ఛాంపియన్. 2022లో ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్ దాకా పోయింది.

ఇక డబ్బు కోసం ఆడే ప్రొఫెషనల్ ఆట. 1968లో వింబుల్డన్ గెలిచిన మగాయనకు 2000 పౌండ్లు, ఆడవాళ్ళలో గెలిచిన బిల్లీ జీన్‌కు 750. 1970లో లాస్ ఏంజెల్స్ పోటీలో మగవాళ్ళకు 12,500 డాలర్లు, ఆడవాళ్ళకు 1,500. మగవాళ్ళు 5 సెట్లు ఆడతారు కదా అని వాదించేవాళ్ళున్నారు. లెక్క చేయండి. 3 కి 5 అంటే రెండింతలు కూడా కాదు, ఇక్కడ తేడా ఎనిమిది రెట్లపైన! తునికాకు కల్లంలో కట్టలే లెక్కపెడతారు, తెచ్చింది ఆడా మగా అని అడగరు. కూలి దగ్గర మాత్రం మా అమ్మకి తక్కువే.

తొమ్మిది మంది ఆడవాళ్ళు ఆ పోటీకి పోము అన్నారు. హ్యూస్టన్‌లో గ్లాడిస్ హెల్డ్‌మన్ అనే పత్రిక నడిపే ఆమె పెట్టిన వేరే పోటీకి ఒక్కొక్కరు 1 డాలర్‌కు సంతకం చేశారు. వాళ్ళలో అమెరికా వాళ్ళను టెన్నిస్ సంఘం సస్పెండ్ చేసింది. భయపడలేదు. 1973లో తమ సొంత సంఘం డబ్ల్యుటిఎ పెట్టుకున్నారు. ఆ కెల్మేయర్ మేడం అందులోనే ఉద్యోగంలో చేరింది. ఆ ఏడే యు.ఎస్. ఓపెన్ ఇద్దరికీ సమానంగా ఇచ్చింది. వింబుల్డన్ మాత్రం 2007 దాకా ఇవ్వలేదు. 34 ఏళ్ళు! 2015లో మన హైదరాబాద్ సానియా మీర్జా, మార్టినా హింగిస్‌తో కలిసి అక్కడ డబుల్స్ గెలిచినప్పుడు మగ జోడీకి ఎంతో వీళ్ళకూ అంతే ఇచ్చారు.