ట్రాక్టరు ట్రక్కు: మరమ్మతు చేయించాలా? కొత్తది కొనాలా?

ట్రాక్టరు కొనే ముందు రైతు నలుగురిని అడుగుతాడు, ధరలు పోల్చుకుంటాడు. దాని వెనుక లాగే ట్రక్కు విషయంలో ఇంత ఆలోచన సాధారణంగా కనిపించదు. అడుగు రేకు చిల్లుపడితే అతుకు వేయించడం, ఇరుసు వంగితే కొలిమిలో సరిచేయించడం, మళ్లీ విరిగేదాకా నడపడం పరిపాటి. అయితే పంట ఉత్పత్తుల రవాణా అంతా ట్రక్కు మీదనే సాగుతుంది. కోత రోజుల్లో అది దారిలో ఆగిపోతే ధాన్యం వానకు తడుస్తుంది. నరికిన చెరకు ఆలస్యమైన కొద్దీ బరువు, చక్కెర కోల్పోతుంది. డ్రాబార్ విరిగితే ప్రాణాలకే ముప్పు. కాబట్టి పాత ట్రక్కుకు ఎంతవరకు ఖర్చు పెట్టవచ్చు, ఎప్పుడు మార్చాలి అనే ప్రశ్నకు విస్తరణ శాస్త్రవేత్త వద్ద స్పష్టమైన సమాధాన విధానం ఉండాలి.

"మరమ్మతు ఖర్చు కొత్తదాని ధరలో సగానికి లోపు ఉంటే బాగుచేయించుకోవచ్చు" అనే మాట మెకానిక్ షెడ్లలో తరచుగా వినబడుతుంది. ఈ లెక్క సులభమే గాని సరియైనది కాదు. మరమ్మతుకు ఎంత ఖర్చయిందనే దానికన్నా, ఆ ఖర్చుతో ఎన్ని సంవత్సరాల నమ్మకమైన సేవ లభిస్తుందనేదే ముఖ్యం. ఈ వ్యాసంలో ఆ నిర్ణయాన్ని మూడు మెట్లుగా వివరించడమైనది.

మొదటి మెట్టు: నిర్మాణ భాగాల పరీక్ష

ట్రక్కు భాగాలను రెండు వర్గాలుగా చూడాలి. టైర్లు, బేరింగులు, కమాను పట్టీలు, యు-బోల్టులు, హుక్కు పిన్ను, తలుపు కీళ్లు మొదలైనవి అరిగిపోయే భాగాలు. వీటిని మార్చడం మామూలు నిర్వహణే. ఛాసిస్ చానెళ్లు, డ్రాబార్, ఇరుసు, హైడ్రాలిక్ జాకీని పట్టి ఉంచే అడ్డచానెల్ నిర్మాణ భాగాలు. ట్రక్కు భవితవ్యాన్ని నిర్ణయించేవి ఇవే.

పరీక్షకు ముందు ట్రక్కును ఖాళీ చేసి, కడిగి, ఆరనివ్వాలి. తొట్టిని పైకెత్తి పరిశీలించేటపుడు జాకీని మాత్రమే నమ్మక, గట్టి దిమ్మెలు లేదా ఇనుప ఊత తప్పనిసరిగా పెట్టాలి. తరువాత ఈ క్రింది అంశాలను వరుసగా చూడాలి.

1. చిన్న సుత్తితో చానెళ్లను తట్టాలి. గట్టి ఇనుము ఖంగుమని మోగుతుంది. లోపల తిన్న ఇనుము మొద్దు శబ్దం చేస్తుంది, పొరలుగా రాలుతుంది. రెండు రేకులు కలిసిన చోట ఉబ్బు కనిపిస్తే మధ్యలో తుప్పు పేరుకున్నదని గ్రహించాలి. తుప్పు అసలు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమించుకొని అతుకులను విడదీస్తుంది.

2. డ్రాబార్ ఛాసిస్‌తో కలిసే వెల్డింగు అతుకుల వద్ద పగుళ్ల కోసం వెదకాలి. రంగు గీకి, కిరోసిన్ పూసి, కొంతసేపటి తరువాత శుభ్రంగా తుడిచి, సుద్దపొడి చల్లాలి. పగులు ఉంటే అందులో దాగిన కిరోసిన్ పైకి వచ్చి సుద్దపై తడిగీతగా కనబడుతుంది. కిరోసిన్ పూర్తిగా ఆరేవరకు అక్కడ వెల్డింగు చేయరాదు.

3. చక్రాన్ని జాకీపై లేపి, పైన ఒక చేయి, క్రింద ఒక చేయి వేసి ఊపాలి. ఆట ఉంటే బేరింగు అరిగినట్లు లేదా వదులైనట్లు. బేరింగు సరిగా ఉన్నా టైరు ఒకే పక్క అరుగుతుంటే ఇరుసు వంగి ఉండవచ్చు.

4. అడుగు రేకు మందాన్ని, ఇరుసు అరిగిన చోటును వెర్నియర్ కాలిపర్‌తో కొలవాలి.

ఈ కొలత ఎందుకు ముఖ్యమో విద్యార్థులు గమనించాలి. రేకు వంపును తట్టుకొనే శక్తి దాని మందపు వర్గానికి అనుపాతంలో ఉంటుంది. 3 మి.మీ. రేకు తుప్పుకు 2 మి.మీ. అయినపుడు మూడో వంతు బలం మాత్రమే పోయిందనుకోవడం పొరపాటు. మిగిలిన బలం 44 శాతమే. గుండ్రని ఇరుసుకు ఇదే సంబంధం వ్యాసపు ఘనానికి వర్తిస్తుంది. వ్యాసం 10 శాతం తగ్గితే బలం 27 శాతం తగ్గుతుంది. కంటికి స్వల్పంగా కనిపించే అరుగుదల బరువు మోసేటపుడు స్వల్పం కాదు.

ప్రధాన చానెళ్లు పలుచోట్ల తినిపోయినా, డ్రాబార్ అతుకు వద్ద పగులు ఒకసారి వెల్డింగు చేయించిన తరువాత మళ్లీ వచ్చినా ఆ ట్రక్కును రోడ్డు మీదకు పంపరాదు. ఇక్కడ ఖర్చు లెక్కకు తావు లేదు. తుప్పు మీదనే కొత్త రేకు వేసి వెల్డింగు చేస్తే రెంటి నడుమ తేమ నిలిచి లోపలి ఇనుము మరింత వేగంగా పోతుంది. పైకి బాగుపడినట్లు కనిపించే ఈ పని ప్రమాదాన్ని దాచిపెడుతుంది.

రెండవ మెట్టు: వార్షిక వ్యయం పోల్చడం

నిర్మాణ భాగాలు మరమ్మతుకు అనువుగా ఉన్నపుడే ఈ మెట్టుకు రావాలి. వ్యవసాయ యంత్రాల వ్యయ అంచనాకు భారతీయ ప్రమాణం ఐఎస్ 9164 మార్గదర్శకంగా ఉన్నది. స్థూలంగా తరుగుదల, సగటు పెట్టుబడిపై వడ్డీ, నిర్వహణ ఖర్చు కలిపితే సంవత్సరానికి అయ్యే వ్యయం వస్తుంది. యంత్రం ఆయువు తీరాక మిగిలే విలువను సాధారణంగా కొన్న ధరలో 10 శాతంగా తీసుకుంటారు. పాత, కొత్త ట్రక్కులకు దాదాపు సమానంగా ఉండే ఖర్చులను పోలికలో వదిలివేయవచ్చు.

పాత ట్రక్కు పెట్టుబడిని లెక్కించేటపుడు రెండు పొరపాట్లు జరుగుతాయి. మొదటిది, అది ఉచితమని భావించడం. ఈ రోజు అమ్మితే వచ్చే ధర కూడా అందులో పెట్టిన పెట్టుబడే. రెండవది, "నిరుడే 40 వేలు పెట్టి టైర్లు వేయించాను, ఇప్పుడెలా వదులుకోను?" అనే ఆలోచన. పెట్టిన ఖర్చు తిరిగి రాదు; ఆ టైర్లకు ఈ రోజు పలికే విలువ మాత్రమే అమ్మకం ధరలో చేరుతుంది.

అవగాహన కొరకు ఊహించిన ఒక ఉదాహరణ చూద్దాం. పాత ట్రక్కు అమ్మకం ధర రూ. 60,000. ఇరుసు, అడుగు రేకు, అడ్డచానెళ్ల మరమ్మతుకు రూ. 70,000. ఆ తరువాత 4 సంవత్సరాలు నడుస్తుందని, చివరకు రూ. 40,000 వస్తుందని, ఏటా నిర్వహణకు రూ. 18,000 అవుతుందని అనుకుందాం. కొత్త ట్రక్కు ధర రూ. 2,40,000, ఆయువు 15 సంవత్సరాలు, చివరి విలువ రూ. 24,000, సగటు వార్షిక నిర్వహణ రూ. 8,000. వడ్డీ 12 శాతం, అనగా నూటికి నెలకు రూపాయి.

పాతది: తరుగుదల (1,30,000 – 40,000) ÷ 4 = రూ. 22,500. సగటు పెట్టుబడి రూ. 85,000పై వడ్డీ రూ. 10,200. నిర్వహణ రూ. 18,000. మొత్తం రూ. 50,700.

కొత్తది: తరుగుదల (2,40,000 – 24,000) ÷ 15 = రూ. 14,400. సగటు పెట్టుబడి రూ. 1,32,000పై వడ్డీ రూ. 15,840. నిర్వహణ రూ. 8,000. మొత్తం రూ. 38,240.

మరమ్మతు ఖర్చు కొత్తదాని ధరలో మూడో వంతు కూడా లేదు. అయినా కొత్తదే సంవత్సరానికి రూ. 12,460 చౌక. అదే ట్రక్కుకు బేరింగులు, కమాను పట్టీలు మాత్రమే రూ. 25,000తో మారిస్తే 5 సంవత్సరాలు నడుస్తుందని, నిర్వహణ రూ. 14,000 అని అనుకుంటే లెక్క తిరగబడుతుంది. తరుగుదల రూ. 9,000, వడ్డీ రూ. 7,500, నిర్వహణ కలిపి రూ. 30,500 మాత్రమే. అప్పుడు మరమ్మతే మేలు.

మూడవ మెట్టు: మరమ్మతు ఎన్నాళ్లు నిలవాలి?

మరమ్మతు తరువాత ఆయువును ముందుగా కచ్చితంగా చెప్పడం కష్టం. అందుచేత ప్రశ్నను తిప్పి అడగడం మంచిది: ఈ మరమ్మతు గిట్టుబాటు కావాలంటే ట్రక్కు ఎన్ని సంవత్సరాలు నడవాలి? మొదటి ఉదాహరణలో మిగతా అంకెలు మారకుంటే సమాధానం సుమారు 9 సంవత్సరాలు. తుప్పుపట్టిన ఛాసిస్ అంతకాలం నిలుస్తుందా అని అడిగినపుడు రైతే సమాధానం చెప్పగలడు.

వడ్డీ రేటు ఈ సమాధానాన్ని మారుస్తుంది. రైతు నూటికి రెండు రూపాయల వడ్డీకి, అనగా ఏటా 24 శాతానికి అప్పు తెచ్చే పరిస్థితి ఉంటే అదే మరమ్మతు 6 సంవత్సరాలు నిలిచినా చాలు. డబ్బు ఖరీదైన చోట పాతదాన్ని కాపాడుకోవడానికి ఎక్కువ కారణం ఉంటుంది. కాబట్టి ఒకే ఊరిలో ఇద్దరు రైతులకు రెండు వేర్వేరు సలహాలు ఇవ్వవలసి రావచ్చు.

అద్దె అనే మూడవ మార్గాన్ని కూడా చూడాలి. ట్రక్కు అద్దె రోజుకు రూ. 1,500 అనుకుంటే, పై కొత్త ట్రక్కు వార్షిక వ్యయం 25 రోజుల అద్దెకు సమానం. అంతకన్నా తక్కువ పని ఉన్న రైతుకు సొంత ట్రక్కు భారమే. అయితే కోత సమయంలో అద్దె ట్రక్కు దొరుకుతుందా లేదా అన్నది ఊరిని బట్టి తెలుసుకోవాలి.

తుప్పు నివారణ

కోస్తా ప్రాంతంలో రొయ్యల చెరువుల వద్ద తిరిగే ట్రక్కులు ఉప్పునీటికి, ఉప్పుగాలికి త్వరగా తుప్పు పడతాయి. లోతట్టు జిల్లాలలో ఎరువులు ఇదే పని చేస్తాయి. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ పొటాషియం క్లోరైడు. చానెళ్ల మూలల్లో చిక్కిన పొడి తేమతో కలిసి ఇనుమును తింటుంది. ఎరువు లేదా ఉప్పునీటి పని ముగిసిన రోజే మంచినీటితో కడగాలి. అడుగున నీరు నిలవకుండా రంధ్రాలు ఉంచాలి. రంగు లేచిన చోట తుప్పు గీకి రెడ్ ఆక్సైడ్, ఆపై రంగు వేయాలి. హబ్బులో గ్రీజును పంట కాలానికి ముందే మార్చాలి.

ట్రక్కు మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం మోటారు వాహన నిర్వచనంలోకి వస్తుంది. కావున ఛాసిస్‌ను మార్చదలచినపుడు ముందుగా రవాణా శాఖ కార్యాలయంలో సంప్రదించాలి.

ముగింపు

రైతు సలహా కోరినపుడు మొదట సుత్తి, కాలిపర్, తరువాతనే కాగితం, కలం పట్టాలి. నిర్మాణం దెబ్బతిన్న ట్రక్కుకు లెక్క అవసరం లేదు. నిర్మాణం గట్టిగా ఉన్న ట్రక్కుకు మరమ్మతు బిల్లుతో పాటు ఆ మరమ్మతు నిలవవలసిన సంవత్సరాల సంఖ్యను కూడా రైతు ముందుంచాలి. ఈ పరీక్షను వేసవిలోనే పూర్తిచేస్తే మరమ్మతుకైనా, కొత్తది కొనడానికైనా వ్యవధి ఉంటుంది. కోతల నడుమ విరిగిన ఇరుసు ముందు నిలబడి తీసుకొనే నిర్ణయం సాధారణంగా ఖరీదైనదే అవుతుంది.