సొంత ఇంటి మరమ్మతులు: ఏ పనికి అనుమతి కావాలి?

ముంబయి నగర నిర్మాణంలో తెలుగువారి శ్రమ తరతరాలది. తెలంగాణ నుంచి వచ్చి కట్టడపు పనులలో కుదిరిన కామాఠీల వల్లనే కామాఠీపురాకు ఆ పేరు వచ్చింది. నేటికీ అనేక తెలుగు కుటుంబాలలో తాపీపని తెలిసినవారు ఉన్నారు. ఇంటికి మరమ్మతు అవసరమైనప్పుడు వారు గుత్తేదారును పిలవక, తామే పనికి పూనుకొనడం సహజం. అయితే ఇల్లు సొంతం, పని కూడా సొంతం కనుక అనుమతితో నిమిత్తం లేదనుకొనడం పొరపాటు. చట్టం పని చేసే మనిషిని చూడదు. చేసే పనిని చూస్తుంది.

చట్టం గీసిన గీత

ముంబయి మునిసిపల్ కార్పొరేషన్ చట్టం, 1888లోని 342వ సెక్షన్ ప్రకారం, భవనానికి చేర్పులు, మార్పులు చేయదలచిన వ్యక్తి ముందుగా మునిసిపల్ కమిషనరుకు నోటీసు ఇవ్వాలి. ‘టెనెంటబుల్ రిపేర్స్’, అనగా ఇంటిని నివాసయోగ్యంగా నిలుపుకొనే మరమ్మతులకు మాత్రమే ఈ నోటీసు నుంచి మినహాయింపు ఉంది. అవి ఏవో ఆ సెక్షనే వివరించింది:

• గోడలకు ప్లాస్టరింగ్, రంగులు, సందులు పూడ్చడం
• గోడలకు, నిర్మాణ భాగాలకు గనైటింగ్
• నేల టైల్స్ మార్చడం
• మరుగుదొడ్డి, స్నానాలగది, కడుగుడు స్థలాల మరమ్మతు
• మురుగు పైపులు, మ్యాన్‌హోళ్లు, కుళాయిలు బాగుచేయడం లేదా మార్చడం
• నీటి, పారిశుద్ధ్య, విద్యుత్ అమరికలు బాగుచేయడం లేదా మార్చడం
• ఇంటికప్పును అదే సామగ్రితో తిరిగి వేయడం

ఈ మినహాయింపులోకి రాని పనులనూ సెక్షన్ పేర్కొన్నది: కట్టడం ఎత్తును గాని, పొడవు వెడల్పులను గాని మార్చడం, బరువు మోసే గోడల భాగాలను తీసివేయడం లేదా మార్చడం, పునాదిని, అరుగును, నేలను కిందికి దించడం, అటకను గాని, మరాఠీలో ‘పోటమాళా’ అనే మధ్య అంతస్తును గాని చేర్చడం, పొడిగించడం, వాలు కప్పును చదును చేయడం లేదా వేరే సామగ్రితో వేయడం. రేకుల కప్పు తీసి స్లాబు వేయదలచినవారు దీనిని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

ఒక ఉదాహరణ

ఒకే గది ఉన్న కుటుంబం స్నానాలగదిలో పగిలిన టైల్స్ మార్చి, తుప్పుపట్టిన పైపు తీసి కొత్తది వేయించుకుంటే కార్పొరేషన్‌కు నోటీసు అక్కరలేదు. అదే కుటుంబం పిల్లల చదువుకోసం అదే గదిలో ఇనుప దూలాలు అమర్చి అటక కడితే, ఖర్చు తక్కువైనా, పని ఒక్క రోజులో ముగిసినా, అనుమతి తప్పదు. ఖర్చు ఎంత అన్నది ఇక్కడ కొలమానం కాదు. కట్టడంపై పడే ప్రభావమే కొలమానం.

ఈ గీత వెనుక కారణం స్పష్టమే. పాత చాల్‌లలో అనేక గోడలు గదులను విడదీయడమే కాక పై అంతస్తుల బరువును కూడా మోస్తాయి. చూపుకు రెండు రకాల గోడలూ ఒకటే. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న మేస్త్రీ గోడను నిటారుగా కట్టగలడు; కాని దానిని తీసివేస్తే బరువు ఎటు మళ్లుతుందో లెక్కగట్టి చెప్పవలసినవాడు స్ట్రక్చరల్ ఇంజనీరు. మినహాయింపు ఉన్న పనిలోనూ జాగ్రత్త అవసరం. నివాస గదుల నేలను సాధారణంగా చదరపు మీటరుకు సుమారు 200 కిలోల వాడుక భారం లెక్కతో రూపొందిస్తారు. పాత నేలను తీయకుండా దానిపైనే 5 సెంటీమీటర్ల సిమెంటు పొర వేస్తే, చదరపు మీటరుకు సుమారు 100 కిలోల శాశ్వత భారం అదనంగా చేరుతుంది. ఆ బరువు కింది ఇంటివారి తలపై ఉంటుంది.

కార్పొరేషన్ అనుమతి ఒక్కటే చాలదు

సహకార గృహసంఘంలోని సభ్యుడు మార్పులకు ముందుగా కమిటీ లిఖితపూర్వక అనుమతి పొందాలి. పగిడీ పద్ధతిలో ఉన్నవారు సొంతదారులు కారు. వారికి భవన యజమాని సమ్మతి కావాలి. 1969 సెప్టెంబరు 30కి ముందు కట్టి, మరమ్మతు సెస్సు చెల్లిస్తున్న దక్షిణ ముంబయి భవనాల విషయంలో మ్హాడా మరమ్మతుల మండలిని కూడా సంప్రదించాలి. 30 ఏళ్లు దాటిన భవనాలకు 353బి సెక్షన్ ప్రకారం నమోదిత స్ట్రక్చరల్ ఇంజనీరు పరీక్ష తప్పనిసరి. అటువంటి భవనంలో ఏ పనికైనా ముందు ఆ నివేదికను చదివించుకొనడం శ్రేయస్కరం.

అనుమతి లేకుండా పని సాగితే

పని నడుస్తుండగా 354ఎ సెక్షన్ కింద నోటీసు వస్తే వెంటనే పని ఆపి, 24 గంటలలో అనుమతి పత్రం చూపాలి. 351వ సెక్షన్ నోటీసు వస్తే, కట్టిన భాగాన్ని ఎందుకు తొలగించరాదో 7 రోజులలో లిఖితపూర్వకంగా తెలపాలి. నోటీసు అందలేదన్నట్లు ఊరకుండడం, గడువులోపల సమాధానం ఇవ్వకపోవడం కుటుంబానికే నష్టం. ఏళ్ల పొదుపుతో కట్టుకొన్న భాగం కూలిపోవచ్చు.

పని మొదలుపెట్టేముందు

1. చేయదలచిన పనులన్నీ కాగితంపై వ్రాసి, పై జాబితాతో సరిచూడాలి.
2. ఒక్క పని మినహాయింపు దాటినా, లైసెన్సు గల సర్వేయరును లేదా ఆర్కిటెక్టును, గోడ, దూలం, స్లాబు విషయమైతే స్ట్రక్చరల్ ఇంజనీరును సంప్రదించాలి.
3. సందేహం ఉంటే వార్డు కార్యాలయంలోని భవనాలు, కర్మాగారాల విభాగంలో విచారించాలి. నోటి మాటతో సరిపెట్టుకోక, దరఖాస్తుకు ముద్రవేసిన రసీదు తీసుకోవాలి.
4. పనికి ముందు, తరువాత తీసిన ఫోటోలను, రసీదులను, సంఘం ఇచ్చిన అనుమతిని ఒకేచోట భద్రపరచాలి. ఇల్లు అమ్మేటప్పుడు గాని, పునర్నిర్మాణంలో అర్హత నిరూపించేటప్పుడు గాని ఇవే ఆధారం.

తాపీ పట్టిన చేతికి నైపుణ్యం ఉండవచ్చు. ఆ నైపుణ్యంతో కట్టినది నిలవాలంటే దాని వెనుక అనుమతి పత్రమూ ఉండాలి.