రిపోర్టు ప్రింటు కాకపోతే ముందు ఎక్కడ చూడాలి?

ట్రస్టు స్కాలర్‌షిప్పు అందుకుంటున్న బి.కాం. విద్యార్థుల్లో చాలామంది రేపు ఏదో ఒక దుకాణంలోనో, మిల్లు ఆఫీసులోనో బిల్లింగు సీటులో కూర్చునేవారే. కాలేజీలో డెబిట్, క్రెడిట్ నేర్పుతారు గాని ప్రింటర్ మొరాయిస్తే ఏం చేయాలో చెప్పరు. నాకూ ఎవరూ చెప్పలేదు.

సోలాపూర్‌లో ఒక తువ్వాళ్ల వ్యాపారి దగ్గర చేరిన రెండో నెల. సాయంత్రం టెంపో సరుకుతో బయట నిలబడి ఉంది. బిల్లు ప్రింటు కొట్టాను, రాలేదు. మళ్లీ కొట్టాను. బిల్లు అసలు ఎక్కలేదేమోనని అదే బిల్లు కొత్తగా ఎక్కించి మరో నాలుగుసార్లు నొక్కాను. వదులైన కేబుల్ సరిచేయగానే ఆరు కాగితాలు వరుసగా వచ్చాయి, రెండు వేర్వేరు నంబర్లతో! తొందరలో డ్రైవర్ అన్నీ పట్టుకుపోయాడు. కొన్నవారి పేర బాకీ రెండింతలైంది, చివరికి క్రెడిట్ నోట్ రాసి సరిచేయవలసి వచ్చింది. సేట్‌గారు కోప్పడలేదు. "కాగితం పోతే పోయింది, లెక్క చెడగొట్టావు" అన్నారు. తిట్టినా బాగుండేది.

అందుకే మొదటి మాట: బిల్లు సేవ్ కావడం వేరు, ప్రింటు కావడం వేరు. మళ్లీ ఎక్కించే ముందు డే బుక్ తెరిచి చూడండి.

తర్వాత విండోస్‌లోంచి ఒక టెస్ట్ పేజీ కొట్టండి. అది వస్తే తప్పు సాఫ్ట్‌వేర్ సెట్టింగులో ఉంది. రాకపోతే ప్రింటర్, కేబుల్, లేదా క్యూలో ఉంది. క్యూలో ముందున్నది ఇరుక్కుంటే వెనకవన్నీ ఆగిపోతాయి. అది క్యాన్సిల్ కూడా కాకపోతే, సర్వీసెస్‌లో ప్రింట్ స్పూలర్‌ను ఆపి, విండోస్ లోపల సిస్టమ్32, స్పూల్, ప్రింటర్స్ ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్లు తీసేసి, స్పూలర్‌ను మళ్లీ మొదలుపెట్టాలి.

విండోస్ 10, 11లలో ఇంకో చిక్కు ఉంది. డిఫాల్ట్ ప్రింటర్‌ను విండోసే చూసుకునే సెట్టింగు ఆన్‌లో ఉంటే, చివరిసారి వాడిన ప్రింటరే డిఫాల్ట్ అవుతుంది. మీ బిల్లు పక్క గదిలో వస్తూ ఉండవచ్చు! దాన్ని ఆఫ్ చేయండి.

అక్షరాలు వస్తున్నాయి గాని అడుగు వరుసలు తెగుతున్నాయంటే కాగితం కొలత చూడండి. ఏ4 పొడవు 297 మి.మీ., లెటర్ 279 మి.మీ. డాట్ మ్యాట్రిక్స్‌లో 12 అంగుళాల కంటిన్యువస్ కాగితం పెట్టి ఏ4 అని ఎంచుకుంటే, పేజీ పేజీకి అచ్చు సుమారు 8 మి.మీ. పైకి జరుగుతుంది. పదో పేజీకి మొత్తం చిరిగే గీత మీదికి వస్తుంది. రూపాయి గుర్తు వచ్చింది 2010లో, కాబట్టి పాత ఫాంట్లలో దాని స్థానంలో డబ్బా పడుతుంది. అక్కడ 'రూ.' అని పెట్టుకుంటే సరి.

ఏదీ కుదరక, బయట బండి ఆగి ఉంటే, ప్రింటర్ల జాబితాలో మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్ ఎంచుకుని ఫైలు చేయండి. పక్క దుకాణంలో ఒక్క కాపీ తీయించి డ్రైవర్‌కు ఇవ్వండి, క్యూలో మిగిలినవి క్యాన్సిల్ చేశాకే మీ ప్రింటర్ ఆన్ చేయండి.