ధవళేశ్వరం అంకె నుంచి బస్సు జీపీఎస్ దాకా

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక జారీ అవుతుంది. ఆ మాట చెవినపడగానే గోదావరి లంకల్లో పెద్దవాళ్లు లెక్క మొదలెడతారు. ఏ కాజ్‌వే ఎప్పటికి మునుగుతుంది, కొబ్బరికాయల లోడు ఈరోజే దాటించేయాలా, రేపు పిల్లల్ని కాలేజీకి పంపాలా వద్దా అని. ఒకచోట కొలిచిన అంకెతో ఇంకోచోటి ప్రయాణాన్ని ముందే తేల్చుకోవడమన్నమాట. రవాణా రంగంలో డేటా ఉద్యోగి చేసే పనీ ఇదే.

ఆర్టీసీ బస్సు ఎక్కడుందో ఫోన్‌లో కనిపిస్తోందంటే, బస్సులోని జీపీఎస్ పరికరం తన జాడ పంపుతూ ఉండటం వల్లే. టోల్‌గేట్‌లో ఫాస్టాగ్‌ను రేడియో తరంగాలతో చదువుతారు. ఇలా వచ్చిపడే సమాచారంలో తప్పులు బోలెడు. బస్సు గోదావరి మధ్యలో ఉన్నట్టు మ్యాప్ చూపిస్తే ఎక్కడో కూర్చున్నవాళ్లు పొరపాటనుకుని కొట్టేస్తారు. అది దిండి–చించినాడ వంతెన మీద ఉందని రాజోలు కుర్రాడికి తెలుసు. ఊరి దారులు ఎరిగినతనం ఈ పనిలో నిజంగా అక్కరకొస్తుంది.

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది రోడ్డు భద్రత. అర కిలోమీటరు మేర మూడేళ్లలో ప్రాణం పోయిన, లేదా తీవ్ర గాయాలైన ప్రమాదాలు ఐదు జరిగితేనో, పదిమంది చనిపోతేనో దాన్ని బ్లాక్‌స్పాట్ అంటారు. అంటే అన్ని ప్రమాదాలు జరిగాక గానీ ఆ చోటు లెక్కలోకి రాదు. దీన్ని మార్చడానికే 2021లో నాగ్‌పూర్‌లో ఐరాస్తే ప్రాజెక్టు మొదలైంది. అందులో హైదరాబాద్ ట్రిపుల్‌ఐటీది కీలక పాత్ర. బస్సుకు బిగించిన కెమెరా ముప్పును పసిగట్టి డ్రైవర్‌ను హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికలు పదేపదే మోగిన చోట్లను ‘గ్రే స్పాట్’లుగా గుర్తిస్తారు. తర్వాత తెలంగాణ ఆర్టీసీ బస్సులకూ ఈ పద్ధతి వచ్చింది. అమలాపురం, రాజోలు మీదుగా వెళ్లే 216 జాతీయ రహదారిలోని మలుపులకూ ఇలాంటి లెక్క కావాలి.

చదువు విషయానికొస్తే, సివిల్ బీటెక్ వాళ్లు గేట్ రాసి వరంగల్ ఎన్‌ఐటీలో ట్రాన్స్‌పోర్టేషన్ ఇంజినీరింగ్ ఎంటెక్‌లో చేరవచ్చు. ఇంటర్ పాసైనవాళ్లకు ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్ బీఎస్ డేటా సైన్స్ ఉంది. దానికి జేఈఈ అక్కర్లేదు, క్వాలిఫయర్ గట్టెక్కితే చాలు. పైథాన్, ఎస్‌క్యూఎల్, మ్యాపుల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ ఎలాగూ నేర్చుకోవాలి. మూడూ ఉచితంగానే దొరుకుతాయి. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా వాళ్లు సెన్సర్లు బిగించే వైపు నుంచి రావచ్చు.

సర్టిఫికెట్ల కన్నా సొంతంగా చేసిన ఒక చిన్న పని ఇంటర్వ్యూలో ఎక్కువ మాట్లాడుతుంది. అమలాపురం నుంచి రావులపాలెం వెళ్లే బస్సులో నెల్లాళ్లు ఫోన్ జీపీఎస్‌తో మీ ప్రయాణాన్ని నమోదు చేయండి. ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆగిందో మ్యాప్ మీద రంగులతో చూపండి. వరదల కాలమైతే ఒడ్డునే సురక్షితంగా నిలబడి, మీ కాజ్‌వే మీదికి నీరెక్కిన గంట, ఆ గంటకు ధవళేశ్వరంలో ఉన్న మట్టం పక్కపక్కనే రాసుకోండి. రెండు మూడు వరదలు గడిచేసరికి, ధవళేశ్వరంలో ఎంత మట్టముంటే మీ ఊరి దారి మూతపడుతుందో మీ నోట్‌బుక్కే చెబుతుంది.