పసిపిల్లల పడిశం – ఇంటి చికిత్స

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్‌లలో విజయవాడ రహదారి దుమ్ము తగిలేచోట కాపురముండే తల్లులు తరచు అడిగే ప్రశ్న: "ముక్కు దిబ్బడతో బిడ్డ రాత్రి పాలు త్రాగడం లేదు, ఏం చేయాలి?" శాస్త్రం దీనిని ప్రతిశ్యాయమన్నది. పసివారి ముక్కు మార్గం ఇరుకు గనుక కొద్దిపాటి కఫమే దానిని మూసివేస్తుంది.

పావులీటరు కాచి చల్లార్చిన నీటిలో రెండు గ్రాముల ఉప్పు కరిగించి, పాలకు ముందు ఒక్కొక్క రంధ్రంలో రెండు చుక్కలు వేసి, మెత్తని గుడ్డతో తుడవండి. ఏ రోజు నీరు ఆ రోజే చేసుకోవాలి. ఆముదం, నూనె వేయరాదు. ఊపిరితిత్తులలోకి జారితే ప్రమాదం.

దోరగా వేయించిన వామును మూటకట్టి, మీ ముంజేతికి ఆనించి వేడి చూసుకొని, చొక్కా మీదుగా రొమ్ముకు కాపండి. ఇందులో గుణం వాముదెంతో, తల్లి చేతిదెంతో చెప్పలేను గాని బిడ్డ నిద్రపోతుంది. కర్పూరం మాత్రం కలపవద్దు. పసివారికి మూర్ఛ తెప్పించగలదు. స్నానానంతరం సాంబ్రాణి పొగ మన ఆచారమే అయినా, పడిశం ఉన్నన్నాళ్లు మానండి.

దగ్గు ఉంటే పడుకోబోయే ముందు అర చెంచా తేనె చాలు. ఏడాది నిండనివారికి తేనె నాకించనేరాదు. రెండేళ్లలోపు వారికి దగ్గు సిరప్పులు వ్రాయవద్దని కేంద్ర ఆరోగ్యశాఖ 2025 అక్టోబరులో వైద్యులకు సూచించింది. నాకది పూర్తిగా సమ్మతం.

నిద్రలో శ్వాస లెక్కించండి. ఏడాది దాటిన బిడ్డకు నిమిషానికి 40 లేదా అంతకు మించినా, డొక్కలెగరేస్తున్నా, పాలు పూర్తిగా మానినా, కషాయాలతో కాలయాపన చేయక నిలోఫర్ వంటి పిల్లల ఆసుపత్రికి వెంటనే తీసుకువెళ్లండి.