కొబ్బరికాయ నిలబడితే నీళ్ళు పడతాయా?



పదో తరగతి మ్యాథ్స్ మొదటి పాఠంలోనే ఒక ప్రూఫ్ ఉంది. రూట్ 2 ఇర్రేషనల్ నంబర్, అంటే రెండు పూర్ణ సంఖ్యల భిన్నంగా రాయలేని సంఖ్య అని నిరూపించాలి. చాలామంది పిల్లలు దాన్ని పద్యంలా అప్పజెబుతారు. ఒక లైను మరిచిపోతే అక్కడే ఆగిపోతారు. "భిన్నంగా రాయగలం అనుకుందాం" అని తలకిందులుగా ఎందుకు మొదలుపెట్టామో వాళ్ళకు తెలియదు. అది అర్థం కావడానికి గైడు అక్కరలేదు, మన అనంతపురంలో అందరికీ తెలిసిన బోరు పాయింట్ చాలు.

అరచేతిలో అడ్డంగా పెట్టుకున్న కొబ్బరికాయ లేచి నిలబడితే అక్కడ నీళ్ళు పడతాయంటారు. పెద్దల నమ్మకాన్ని ఎగతాళి చేయడం నా ఉద్దేశం కాదు, వాక్యాన్ని మాత్రం చూద్దాం: "కాయ నిలబడిన ప్రతి చోటా నీళ్ళు ఉంటాయి." బరువంతా "ప్రతి" అనే మాట మీదే ఉంది. పక్క పొలంలో కాయ నిలబడింది, నీళ్ళూ పడ్డాయి. అయితే వాక్యం రుజువైనట్టేనా? కాదు. పది పొలాల్లో పడినా కాదు. కాయ నిలబడిన ఒక్క చోట బోరు ఫెయిలైతే మాత్రం వాక్యం తప్పని తేలిపోతుంది. వాక్యం నిజమైతే ఇక్కడ నీళ్ళు పడాలి; పడలేదు; కాబట్టి వాక్యం నిజం కాదు. అప్పు తెచ్చి బోరు వేసే కుటుంబాలున్న జిల్లా మనది. ఈ తేడా పరీక్ష మార్కులతో ఆగేది కాదు.

రూట్ 2 ప్రూఫ్ నడిచేదీ ఇలాగే. పూర్తిగా కుదించిన భిన్నం అనుకుని మొదలుపెడతాం. లెక్క చేస్తూ పోతే పైసంఖ్య, కిందిసంఖ్య రెండూ 2తో భాగించబడతాయని తేలుతుంది. కుదించిన భిన్నంలో అలా జరగదు. కాబట్టి మొదట అనుకున్నదే తప్పు.

పది ఉదాహరణలు చాలవంటే పిల్లలు ఒప్పుకోరు. ఒక సంఖ్యను దాని తర్వాతి సంఖ్యతో గుణించి, 41 కలపమనండి. 1కి 43, 2కి 47, 3కి 53 వస్తాయి, అన్నీ ప్రైమ్ నంబర్లే. 39 దాకా ఇలాగే నడుస్తుంది. 40 దగ్గర 1681 వస్తుంది, అది 41 ఇంటూ 41! నాకు ఇష్టమైన లెక్క ఇది. క్లాసులో ఆ 40 వచ్చేసరికి ఎవరూ మాట్లాడరు.

ఇదేమీ మనకు కొత్త చదువు కాదు. 17వ శతాబ్దంలో తెలుగువాడైన అన్నంభట్టు పిల్లల కోసమే "తర్కసంగ్రహం" రాశాడు. పొగ ఉన్న చోట నిప్పు ఉంటుంది అన్నది తర్కశాస్త్రంలో అందరూ చెప్పే ఉదాహరణ. తిరగేసి, నిప్పు ఉన్న చోటల్లా పొగ ఉంటుంది అంటే చెల్లదు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పు ఉంటుంది, పొగ ఉండదు.

పిల్లలు ఎక్కువగా తడబడే చోటు ఇంకొకటి ఉంది. "అన్ని బోర్లలో నీళ్ళు పడ్డాయి" అన్నది అబద్ధమైతే నిజమేమిటి? "ఏ బోరులోనూ పడలేదు" అని రాసేస్తారు. "కనీసం ఒక బోరులో పడలేదు" అన్నది సరైన జవాబు. "మా వాడు ఎప్పుడూ పుస్తకం పట్టడు" అని మీరన్నప్పుడు, పట్టిన ఒక్క రోజు చూపించి మీ మాట తప్పని వాడు నిరూపించవచ్చు. చూపించనివ్వండి.

ఈ ఆదివారం ఇంట్లో అడగడానికి ఒక ప్రశ్న. "ప్రతి వీధికీ ఒక నీళ్ళ ట్యాంకర్ వస్తుంది." "ఒకే నీళ్ళ ట్యాంకర్ ప్రతి వీధికీ వస్తుంది." రెండో మాట నిజమైతే మొదటిది నిజం కాక తప్పదా? మొదటిది నిజమైతే రెండోదో? జవాబు ఒక్కటే కాదు, కారణం కూడా డైరీలో రాసి పంపమనండి.